థర్మండ్: వీధి లేని రైల్వే ఊరు ఎలా పుట్టింది, ఎందుకు ఖాళీ అయింది

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వెస్ట్ వర్జీనియాలోని థర్మండ్ అనే ఊళ్లో ఐదుగురే ఉంటారని చదివారు, అయినా అక్కడ ఆమ్‌ట్రాక్ (అమెరికా అంతటా ప్యాసింజరు రైళ్లు నడిపే సంస్థ) రైలుకు స్టేషన్ ఎందుకుందని మొదటిది. పాత ఫోటోల్లో ఆ ఊరి బ్యాంకు, దుకాణాలు అన్నీ పట్టాల వైపే తలుపులు పెట్టుకుని ఉన్నాయి, వాటి ముందు వీధి అనేదే లేదు, అలా ఎందుకు కట్టారని రెండోది. చివర్లో "బొగ్గు అయిపోయాక ఊరు పోయిందట" అని కూడా రాశారు. ఈ మాట చాలామంది అంటారు. నా దృష్టిలో అది సగం నిజం. ఆ మిగతా సగం చెప్పాలంటే కాస్త పొడుగ్గా రాయక తప్పదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం గూడ్సు యార్డుల్లోనే. అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా వీలు చూసుకుని థర్మండ్ వెళ్తుంటాను. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. యార్డులో పనిచేసినవాడికి ఆ ఊరు చూడగానే అర్థమవుతుంది: ఎక్కడ బళ్లు కూర్చేవాళ్లో, ఇంజను ఎక్కడ నీళ్లు పట్టుకునేదో, కుర్రాళ్లు డ్యూటీ దిగి ఏ మెట్లెక్కి ఇళ్లకు పోయేవాళ్లో.

ముందు నేల సంగతి. అది తెలియకపోతే మిగతాదేదీ తలకెక్కదు. న్యూ రివర్ నార్త్ కరోలినా కొండల్లో పుట్టి, ఉత్తరం దిక్కుగా వర్జీనియా దాటి, వెస్ట్ వర్జీనియాలోకి వస్తుంది. పేరుకు 'కొత్త నది' గానీ ఆ ఖండంలోని బాగా పాత నదుల్లో అదొకటని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. అపలాచియన్ కొండలకు పక్కగా తిరిగి పోకుండా వాటిని నిలువునా కోసుకుంటూ పోయింది. గాలీ నదితో కలిశాక దాని పేరు కనావా అవుతుంది, ఆ కనావా వెళ్లి ఒహాయో నదిలో పడుతుంది. నది కోసిన ఆ లోయ ఇరుకు, చాలా లోతు. నీళ్ల అంచున నిలబడి తలెత్తి చూస్తే రెండు పక్కలా అడవి కప్పిన గోడలే. థర్మండ్‌కు దిగువన ఫేయెట్‌విల్ దగ్గర 1977లో కట్టిన పెద్ద ఉక్కు వంతెన నీటి మట్టానికి 876 అడుగుల ఎత్తున ఉంది. కొండ కొమ్ము నుంచి కొమ్ముకు వేసిన వంతెన అది. లోయ లోతు ఎంతో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ గోడల్లో బొగ్గు పొరలు ఉన్నాయి. మామూలుగా బొగ్గు దొరకాలంటే లోతుగా బావి తవ్వాలి. ఇక్కడ ఆ పని నదే చేసిపెట్టింది. కొండను కోయడంతో పొరలు గోడ పక్కన బయటపడ్డాయి. సూటిగా అడ్డంగా సొరంగం తవ్వుకుంటూ లోపలికి పోవడమే. అందులోనూ సీవెల్ పొరలో దొరికే బొగ్గు మేలిరకం, పొగ తక్కువ, వేడి ఎక్కువ. ఓడలకు, ఇంజన్లకు మంచి గిరాకీ. ఉక్కు కొలిములకు కావలసిన కోకు, అంటే బొగ్గును మగ్గబెట్టి చేసే ఇంధనం, కూడా దాంతో బాగా తయారవుతుంది. బొగ్గు ఉందని అంతకు ముందే తెలుసు. దాన్ని ఆ లోయలోంచి బయటికి తెచ్చే దారే లేదు. పడవ నడిచే నది కాదది, అంతా రాళ్లు, సుడులు. బండి బాట వేసే చోటు లేదు.

చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే వచ్చాక ఆ దారి దొరికింది. ఇకపై దాన్ని సి అండ్ ఓ అనే రాస్తాను, అక్కడివాళ్లు కూడా అలాగే అంటారు. కాలిస్ హంటింగ్‌టన్ ఆధ్వర్యంలో రిచ్‌మండ్ నుంచి ఒహాయో నది దాకా వేసిన ఈ లైను రెండు కొసలూ 1873 జనవరి 29న హాక్స్ నెస్ట్ దగ్గర కలిశాయి. ఆ లైను వేయడానికి కండలు కరిగించినవాళ్లలో చాలామంది అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కూలీలు. ఇంత కష్టమైన లోయలోంచే లైను ఎందుకు వేశారు, కొండ మీదుగా వేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఈ లోయ దాదాపు 50 మైళ్లలో 750 అడుగులు దిగుతుంది. అంటే మైలుకు 15 అడుగులు, సుమారు 350 అడుగులకు ఒక అడుగు వాలు. బరువైన గూడ్సుకు ఇంతకంటే సుఖమైన దారి ఆ కొండల్లో ఎక్కడా లేదు. నది లక్షల ఏళ్లు పనిచేసి తీసిపెట్టిన వాలు అది. రైల్వే దాన్ని వాడుకుంది.

అదే ఏడాది జోసెఫ్ బ్యూరీ అనే గని యజమాని క్విన్నిమాంట్ నుంచి ఈ ప్రాంతపు తొలి బొగ్గును రైలెక్కించాడు. ఆ తర్వాత లోయ పొడుగునా గని పక్కన గని వెలిశాయి. ప్రతి గనికీ ఒక ఊరు. నటల్‌బర్గ్, కేమూర్, సీవెల్ ఇలా ఎన్నో. గని నోరు కొండ నడుమెత్తులో ఉంటుంది, పట్టాలు కింద నది పక్కన ఉంటాయి. బొగ్గును వాలు మీద తొట్లలో కిందికి దించి, పట్టాల మీద కట్టిన పెద్ద షెడ్డులోంచి వ్యాగన్లలోకి జారవిడిచేవాళ్లు. కొంత బొగ్గును అక్కడే ఇటుకల బట్టీల్లో పోసి, గాలి చాలీచాలకుండా రెండు మూడు రోజులు మగ్గబెట్టి కోకు చేసేవాళ్లు. రాత్రిపూట ఆ బట్టీల వరసలు లోయ పొడుగునా ఎర్రగా కనిపించేవి.

ఇక థర్మండ్. కెప్టెన్ విలియం డాబ్నీ థర్మండ్ అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడినవాడు. యుద్ధం అయ్యాక భూములు సర్వే చేశాడు. ఆ పనికి కూలి కింద 1873లో ఆయనకు నది ఉత్తరపు గట్టున 73 ఎకరాలు దక్కాయి. డెబ్బై మూడు ఎకరాలంటే వినడానికి బాగుంటుంది. అందులో ఎక్కువ భాగం నిలువుగా ఉన్న కొండే. సమంగా ఉన్న నేల నది పక్కన సన్నటి పట్టీ మాత్రమే. ఆ పట్టీ మధ్యలోంచి సి అండ్ ఓ మెయిన్ లైను పోతోంది. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నదికీ కొండకూ మధ్య ఉన్న కాస్త జాగాలో పట్టాలు వేశాక, వాటి అంచున ఒక్క వరస కట్టడాలకు చోటు మిగిలింది. ఇక వీధికి చోటేదీ? అందుకే దుకాణం గుమ్మం దిగితే ఇరుకు నడవా, దాని పక్కనే పట్టాలు. ఊరికి వచ్చే మనిషీ, సరుకూ, ఉత్తరం, శవపేటికతో సహా అన్నీ రైల్లోనే వచ్చేవి కాబట్టి ఎవరికీ అది వింతగా అనిపించలేదు. బండి రోడ్డు ఆ ఊరికి 1921లోగానీ రాలేదు. ఇళ్లు మాత్రం వెనక కొండ మీద మెట్లు మెట్లుగా కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ మెట్లెక్కి చూస్తే కింద పైకప్పులు, వాటి కింద పట్టాలు, ఆ కింద నది కనిపిస్తాయి.

అయితే మెయిన్ లైను పక్కన జాగా ఉన్నంత మాత్రాన ఊరు కాదు. అలాంటి జాగాలు లోయలో ఇంకా ఉన్నాయి. థర్మండ్‌ను ఊరు చేసింది దాని ఎదుటి గట్టున నదిలో కలిసే డన్‌లూప్ క్రీక్ అనే వాగు. లోయ గోడలు రెండు పక్కలా మూసుకుపోయి ఉంటే, ఈ వాగు మాత్రం వెనకనున్న పీఠభూమి దాకా సన్నటి దారి తెరిచిపెట్టింది. ఆ పైన గ్లెన్ జీన్, మౌంట్ హోప్ చుట్టూ బోలెడంత బొగ్గు. ఆ భూములు ఒహాయోకు చెందిన థామస్ మెకెల్ కుటుంబానివి. భార్య జీన్ డన్ ద్వారా వచ్చిన ఆస్తి అది, గ్లెన్ జీన్ ఊరికి ఆమె పేరే పెట్టారు. మెకెల్ సి అండ్ ఓ వాళ్లతో మాట్లాడి ఒప్పించాడు. 1889లో నది మీద వంతెన పడింది, వాగు వెంట బ్రాంచి లైను పైకెక్కింది. ఆ రోజు నుంచి థర్మండ్ జంక్షన్ అయింది. నన్నడిగితే ఊరు పుట్టిన సంవత్సరం 1873 కాదు, 1889.

ఇక్కడ కొంచెం ఆగి యార్డు పని గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఊరి ప్రాణమంతా అందులోనే ఉంది. ఒక గనికి పూట పూటా ఖాళీ వ్యాగన్లు కావాలి. లేకపోతే తవ్విన బొగ్గు పోసే చోటు లేక గని ఆగిపోతుంది. నిండిన వ్యాగన్లను వెంటనే లాగెయ్యాలి, లేకపోతే ఖాళీలు పెట్టే చోటు ఉండదు. గనికి పది వ్యాగన్ల చొప్పున పాతిక గనులు ఉన్నాయనుకోండి, ప్రతిదానికీ విడి బండి నడపలేరు. అందుకని ఒక చిన్న బండి పొద్దున్నే ఖాళీలను తీసుకుని బ్రాంచి లైను మీద బయలుదేరుతుంది. గని గని దగ్గరా ఆగి ఖాళీలు వదులుతుంది. తిరిగొస్తూ లోడ్లు ఏరుకుంటుంది. అన్నీ తెచ్చి జంక్షన్ యార్డులో పడేస్తుంది. అక్కడ వాటిని చూసి, కాగితాలు రాసి, తూర్పుకు పోయేవి ఒక పక్క, పడమరకు పోయేవి ఒక పక్క విడదీసి, పొడుగాటి బండిగా కూర్చి, పెద్ద ఇంజను తగిలించి పంపాలి. తూర్పుకు పోయేవి హింటన్ మీదుగా కొండలు దాటి అట్లాంటిక్ తీరంలోని న్యూపోర్ట్ న్యూస్ రేవుకు చేరేవి, అక్కడి నుంచి ఓడల్లోకి. పడమరకు పోయేవి ఒహాయో వైపు. ఈ ఏరడం, విడదీయడం, కూర్చడం అంతా మనుషుల చేతుల మీద జరిగే పని. బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు తిప్పేవాడు, వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లింగ్ వేసేవాడు, బ్రేకు చక్రం తిప్పేవాడు, గుమాస్తా, తంతి కొట్టేవాడు, ఇలా రాత్రీ పగలూ మూడు షిఫ్టులు.

దాని మీద ఆవిరి ఇంజను అవసరాలు. ఆవిరి ఇంజనంటే పసిబిడ్డ లాంటిది, ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నీళ్లు బొగ్గు కంటే ముందే అయిపోతాయి. పొయ్యిలో చిట్టెం కడితే మంట చావకుండా దాన్ని గీకి తీయాలి. బూడిద గుంటలో దులపాలి. చక్రాలు జారకుండా వేసే ఇసుకను ఆరబెట్టి నింపాలి. కొన్నాళ్లకోసారి బాయిలరు కడగాలి. బేరింగులకు నూనె పోయాలి. ఇవన్నీ జరగడానికి థర్మండ్‌లో పెద్ద ఇంజను షెడ్డు ఉండేది. 1922లో 500 టన్నుల బొగ్గు పట్టే కాంక్రీటు టవరు కట్టారు. బొగ్గును పైకెక్కించి నిలవచేసి, కింద ఇంజను వచ్చి ఆగగానే గొట్టంలోంచి టెండరులోకి, అంటే ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండిలోకి, వదలడమే. ఆ టవరు ఇప్పటికీ ఉంది. ఊళ్లోకి వెళ్లగానే ముందు కళ్లబడేది అదే. ఇంజను షెడ్డు మాత్రం 1993లో కాలిపోయింది. దాన్ని చూడలేకపోయానన్న బాధ నాకు ఇంకా ఉంది.

స్టేషను కట్టడం గురించి రెండు మాటలు. మొదటిది 1903లో కాలిపోతే 1904లో ఇప్పుడున్నది కట్టారు. రెండంతస్తుల చెక్క కట్టడం. కింద టికెట్లు, సామాన్ల గది, ప్రయాణికులు కూర్చునే గదులు. పైన రైళ్లు నడిపించే అధికారుల ఆఫీసులు, పట్టాల మీదికి పొడుచుకొచ్చిన కిటికీలోంచి సిగ్నళ్లు చూసే గది. ఆ కిటికీ దగ్గర నిలబడితే అటు ఇటు రెండు వైపులా లైను, ఎదురుగా వంతెన మీదికి మళ్లే బ్రాంచి, అన్నీ ఒక్క చూపులో అందుతాయి. యార్డులో ఎన్నో క్యాబిన్లు చూశాను గానీ అంత బాగా చోటు చూసి కట్టినది తక్కువ.

1900 నుంచి 1920 దాకా ఊరికి మంచి రోజులు. 1900లోనే పురపాలక హోదా వచ్చింది. రోజుకు పదిహేను ప్యాసింజరు బళ్లు, ఏడాదికి 95,000 మంది దాకా ప్రయాణికులు. సి అండ్ ఓ మొత్తంలో అత్యధిక రాబడి తెచ్చిన స్టేషను ఇదేనని నేషనల్ పార్క్ సర్వీసు (జాతీయ పార్కులను చూసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్లు రాసిపెట్టారు. అక్కడి బ్యాంకులు రాష్ట్రంలోకెల్లా సంపన్నమైనవిగా పేరు పడ్డాయి. ఇది చదివి చాలామంది థర్మండ్ పెద్ద నగరం అనుకుంటారు. జనాభా లెక్కలు చూడండి: అన్నిటికంటే ఎక్కువగా నమోదైంది 1930లో, అదీ 462 మంది. ఏ జనగణనలోనూ అయిదొందలు దాటలేదు. మరి అంత రాబడి ఎలా? గూడ్సు రాబడి సరుకు బయలుదేరిన చోట లెక్కకొస్తుంది. చుట్టుపక్కల గనుల బొగ్గంతా థర్మండ్ చేతుల మీదుగా పోయేది కాబట్టి ఆ డబ్బంతా ఈ చిన్న స్టేషను ఖాతాలో కనపడింది. ప్రయాణికుల లెక్కా అంతే. 95,000ను రోజులకు పంచితే రోజుకు 260 మంది, బండికి పదిహేడు మంది. వాళ్లలో ఎక్కువమంది గని ఊళ్ల నుంచి బ్యాంకు పనికో, సరుకులకో, డాక్టరు కోసమో, మరో రైలు మారడానికో వచ్చినవాళ్లు. జీతాల రోజుల్లో మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం ఉండేవాళ్లట. వర్జీనియా నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు, ఇటలీ, హంగరీ, పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు, చుట్టుపక్కల కొండల్లో పుట్టిన రైతుబిడ్డలు, ఇందరూ ఈ గనుల్లో పనిచేశారు. ఊరు చిన్నదే గానీ అన్ని భాషలు వినపడ్డ ఊరు.

పేకాట కథ కూడా మీ చెవిన పడే ఉంటుంది. కెప్టెన్ థర్మండ్ మతనిష్ఠ ఉన్న బాప్టిస్టు క్రైస్తవుడు. తన భూమిలో మద్యం ఉండకూడదని పట్టుబట్టాడు. మెకెల్‌కు అలాంటి పట్టింపులు లేవు. ఆయన ఎదుటి గట్టున 1901లో వంద గదుల డన్ గ్లెన్ హోటల్ తెరిచాడు. గని యజమానులు, వ్యాపారులు అక్కడే దిగేవాళ్లు. అందులో ఒక పేకాట పద్నాలుగేళ్లు ఆగకుండా సాగిందని చెప్పుకుంటారు. నరకానికీ థర్మండ్‌కీ తేడా ఏమిటంటే థర్మండ్ మధ్యలోంచి నది పారుతుంది అనే సామెత కూడా ఆ రోజులదే. ఇవి బాగా ప్రచారమైన కథలు, వినడానికి సరదాగానే ఉంటాయి. కానీ ఊరి గురించి రాసేవాళ్లు ఈ హోటలు దగ్గరే ఆగిపోతారు, యార్డు దాకా రారు, నాకు అది బాధ. ఆ రాత్రుల్లో హోటల్లో పేకాడినవాళ్లు పదుల్లో ఉంటే, మంచులో లాంతరు పట్టుకుని వ్యాగన్ల మధ్య తిరిగినవాళ్లు వందల్లో ఉన్నారు. బళ్ల మధ్య చెయ్యి నలిగినవాళ్లు, కాలు పోయినవాళ్లు ఆ పనిలో ఎంతమందో. ఒక వ్యాగను వచ్చి మరో వ్యాగనుకు తగిలే చప్పుడు వింటే ఇప్పటికీ నా వీపు బిగుసుకుంటుంది. ఆ పని చేసినవాడికే ఆ టెన్షన్ తెలుస్తుంది.

ఇప్పుడు ఊరు ఎందుకు పోయిందన్న సంగతి. వరస చూడండి. 1930లో డన్ గ్లెన్ కాలిపోయింది. ఆర్థిక మాంద్యంలో నేషనల్ బ్యాంక్ ఆఫ్ థర్మండ్ మూతపడింది. మరో పెద్ద అగ్నిప్రమాదంలో ఇంకొన్ని వ్యాపారాలు బూడిదయ్యాయి. కానీ నటల్‌బర్గ్ గని 1958 దాకా, కేమూర్ గని 1962 దాకా నడిచాయి. అంటే బొగ్గు బళ్లు పోతూనే ఉన్నాయి, ఊరు మాత్రం ముప్పై ఏళ్ల ముందు నుంచే క్షీణించింది. బొగ్గు అయిపోవడం ఒక్కటే కారణమైతే ఈ లెక్క కుదరదు.

నాకు అర్థమైనంతలో రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది రోడ్డు. 1921లో రోడ్డు థర్మండ్‌కు వచ్చింది అంటే ఊరికి మేలు జరిగిందనుకుంటాం. జరిగింది తిరగబడి. అప్పటిదాకా గని ఊళ్ల జనానికి రైలెక్కి థర్మండ్ రావడం తప్ప వేరే గతి లేదు. కార్లు, మంచి రోడ్లు కొండ మీది ఊళ్ల మధ్య పడ్డాక, లోయ అడుగుకు దిగి రావాల్సిన పనేముంది? బెక్లీ, మౌంట్ హోప్, ఓక్ హిల్ లాంటి ఊళ్లు పీఠభూమి మీద ఉన్నాయి, సమంగా నేల ఉంది, వీధులు వేసుకోవడానికి చోటుంది. దుకాణదారు, డాక్టరు, బ్యాంకు అందరూ అటు నడిచారు. ఏ ఇరుకు చోటు థర్మండ్‌కు జంక్షన్ హోదా తెచ్చిందో ఆ ఇరుకే దాన్ని పెరగనివ్వలేదు.

రెండోది డీజిల్. నన్నడిగితే పెద్ద దెబ్బ ఇదే. సి అండ్ ఓ బొగ్గు మోసి బతికే సంస్థ, బొగ్గు గనులవాళ్లే దాని పెద్ద ఖాతాదారులు. అందుకే ఆవిరిని చాలాకాలం వదల్లేదు. 1949లో కూడా బొగ్గు బ్రాంచి లైన్ల కోసం బాల్డ్‌విన్ కంపెనీ చేత కొత్త ఆవిరి ఇంజన్లు చేయించుకుంది. ఆ వరసలో చివరిదైన 1309 నంబరు ఇంజను ఇప్పుడు మేరీలాండ్‌లోని వెస్టర్న్ మేరీలాండ్ సీనిక్ రైల్‌రోడ్డులో మళ్లీ నడుస్తోంది, వీలైతే తప్పక చూడండి. ఏడేళ్లు తిరిగేసరికి, 1956లో, సి అండ్ ఓలో ఆవిరి పూర్తిగా ఆగిపోయింది. డీజిల్ ఇంజనుకు మధ్యలో నీళ్లక్కర్లేదు, బూడిద లేదు, చిట్టెం లేదు. నాలుగు ఇంజన్లు కలిపి ఒక్క డ్రైవరు నడపగలడు. వందల మైళ్లు ఆగకుండా పోతుంది. షెడ్డులో చెయ్యాల్సిన పని ఎక్కడో ఒక పెద్ద చోట పెట్టుకుంటే చాలు. థర్మండ్‌లో రైలు ఆగడం వల్ల బతికినవాళ్లు ఫిట్టర్లు, బూడిద ఎత్తేవాళ్లు, బొగ్గు నింపేవాళ్లు, వాళ్లకు అన్నం పెట్టిన పూటకూళ్లవాళ్లు. రైలు ఆగాల్సిన అవసరం పోయింది, వాళ్ల పనీ పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. నా ఉద్యోగంలో కూడా ఇలాంటి మార్పు కళ్లారా చూశాను. యార్డు మూసిన ఏడాది తిరక్కుండానే క్వార్టర్ల ముందు గడ్డి మొలుస్తుంది.

2000 నాటికి ఏడుగురు, 2010లో ఐదుగురు, 2020లోనూ ఐదుగురే. కానీ ఊరు రద్దు కాలేదు. దానికి ఇంకా మేయరు ఉన్నారు, కౌన్సిల్ ఉంది. 2015లో వివక్షను నిషేధిస్తూ ఒక నిబంధన అందరి ఓట్లతో ఆమోదించుకుని వార్తల్లోకి ఎక్కింది కూడా.

లోయను 1978లో జాతీయ నదిగా ప్రకటించి నేషనల్ పార్క్ సర్వీసుకు అప్పగించారు. 2020 డిసెంబరులో అది నేషనల్ పార్కు అయింది. థర్మండ్‌లో ఎక్కువ కట్టడాలు ఇప్పుడు పార్కువాళ్లవే. వాళ్లు 1995లో స్టేషనును బాగుచేసి సందర్శకుల కేంద్రంగా మార్చారు, వేసవిలో తెరిచి ఉంటుంది. బ్యాంకు కట్టడాలు, మందుల దుకాణం ఉన్న మాంకిన్ కట్టడం పడిపోకుండా నిలబెట్టారు. లోపలికి పోనివ్వరు, గోడల బయట నిలబడి చూడాలి.

మీ మొదటి ప్రశ్నకు వస్తే, అక్కడ ఆగేది న్యూయార్క్ నుంచి షికాగో పోయే కార్డినల్ అనే రైలు, వారానికి మూడు రోజులు. పాత సి అండ్ ఓ మెయిన్ లైను మీదుగానే పోతుంది, ఆ లైను ఇప్పుడు సీఎస్ఎక్స్ సంస్థది. థర్మండ్‌లో ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే ఆగుతుంది. ఆమ్‌ట్రాక్‌లో అతి తక్కువ మంది వాడే స్టేషన్లలో ఇదొకటి. మరి ఎందుకు ఉంచారంటే, లైను ఎలాగూ ఉంది, రైలు ఎలాగూ పోతోంది, పార్కు చూడటానికి, నదిలో రాఫ్టింగుకు వచ్చేవాళ్లు కొందరున్నారు. అక్కడ టికెట్లమ్మే మనిషి ఉండడు, ముందే కొనుక్కోవాలి. రైలు గంటల తరబడి ఆలస్యం కావడం మామూలే. దిగితే ఊళ్లో బస లేదు, తిండి దొరకదు, కారు పిలిపించుకుందామంటే ఫోను సిగ్నలు నమ్మలేం. అందుకని నా సలహా, మొదటిసారి కారులోనే వెళ్లండి.

గ్లెన్ జీన్ దగ్గర పెద్ద రోడ్డు దిగితే ఏడు మైళ్లు. డన్‌లూప్ వాగు పక్కన, పాత బ్రాంచి లైను వెంటే దిగుతుంది రోడ్డు. చాలా ఇరుకు, ఎదురుగా బండి వస్తే ఒకరు ఆగాలి. పెద్ద వ్యాను తీసుకెళ్లకండి. దారిలో కుడి ఎడమల పాత కట్టడాల పునాదులు కనిపిస్తాయి. చివర్లో నది మీద వంతెన. ఇప్పుడున్నది 1915లో కట్టింది. రైలు వంతెనకే ఒక పక్క తగిలించిన ఒంటి దారి మీద కారు పోతుంది. దాటగానే ఆపి, వెనక్కి నడిచి వచ్చి వంతెన మీద నుంచి ఒకసారి చూడండి. వాగు ఎక్కడ కలుస్తుందో, పట్టీ ఎంత సన్నగా ఉందో, కొండ ఎంత దగ్గరగా ఉందో అన్నీ తెలుస్తాయి. పైన నేను రాసినదంతా అక్కడ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. ఫోటోల కోసం పట్టాల మీద నిలబడకండి. ఊరు ఖాళీగా ఉంది కదా అని లైను ఖాళీ అనుకోవద్దు, బొగ్గుబళ్లు రోజూ తిరుగుతున్నాయి. లోయ మలుపు తిరిగి ఉండటంతో చప్పుడు బాగా దగ్గరికి వచ్చేదాకా వినపడదు. లోడుతో వస్తున్న గూడ్సు మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా మైలు దూరం పోతేగానీ ఆగదు. బొగ్గు టవరు ఎక్కే ప్రయత్నం కూడా చేయకండి, కాంక్రీటు పెచ్చులు ఊడుతోంది. స్టేషను ముందు నడవా చాలు, అక్కడి నుంచి అన్నీ కనిపిస్తాయి. పిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలకండి.